పుసి కట్టిన కళ్ళు

కుందేళ్ళను పెంచడం మా అత్తమ్మకు మొదటినుంచీ ఇష్టం లేదు. కోడి అయితే కూస్తుంది, మేక అయితే అరుస్తుంది, ఆకలైనా నొప్పయినా నోరు తెరిచి చెప్పని జీవాన్ని ఇంట్లో పెట్టుకుని ఏం చేసుకుంటావే అని ఆమె వాదన. కల్లూరులో ఉండే మా అన్న ఇల్లు మారుతూ తన కుందేళ్ళ జతను, వాటి జాలీ పెట్టెను నాకు అంటగట్టాడు. ఆయన హాయిగా చేతులు దులుపుకున్నాడు, తిట్లు మాత్రం నాకు మిగిలాయి. అశ్వారావుపేటకు ఇవతల, అడవి మొదలయ్యే చోట మా ఊరు. మా ఆయన పామాయిల్ గెలలు తోలే ట్రాక్టర్ మీద పొద్దున పోతే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే వస్తాడు. పగలంతా ఇంట్లో ఉండేది నేనూ అత్తమ్మా. మాట్లాడని జీవాలు ఇంట్లో రెండున్నా నా ప్రాణానికి సుఖమే అని నేననేదాన్ని. ఆ మాట ఎవరిని అంటున్నానో ఆమెకు తెలుసు. మూతి తిప్పుకుని లోపలికి పోయేది.

నేను చెప్పబోయేది ఆ కుందేలు పిల్లల కళ్ళ సంగతి. కానీ ముందు మా ఆడబిడ్డ సంగతి చెప్పకపోతే ఇదంతా ఎందుకో ఎవరికీ అర్థం కాదు.

మా ఆయనకు ఒక్కతే చెల్లెలు. భద్రాచలం అవతల ఒక ఊరికి ఇచ్చారు. అల్లుడు నెమ్మదస్తుడు, గట్టిగా తుమ్మడం కూడా రాదు ఆయనకు. చాలా రోజులకు కడుపు పండింది. ఆ సంబరంలో పిల్ల భద్రాచలం బజారుకు పోయి చిన్న చిన్న చొక్కాలు, ఒక టోపీ, దోమతెర ఉన్న బుల్లి పరుపు కొనుక్కొచ్చుకుంది. మా ఇళ్ళల్లో ఆ పని చెయ్యరు. బిడ్డ భూమ్మీద పడకముందు కొత్త బట్ట ఇంట్లోకి రాకూడదు. పుట్టినప్పుడు కూడా ముసలివాళ్ళు కట్టి కట్టి మెత్తబడిన పాత చీరను చింపి అందులోనే చుడతారు. ఆ పిల్ల ఫోన్‌లో బట్టలన్నీ ఒక్కొక్కటే ఎత్తి చూపిస్తుంటే అత్తమ్మ, "వద్దే బిడ్డా, తీస్కపోయి ఎవలింట్లనన్న పెట్టు" అని మొత్తుకుంది. ఆ పిల్ల నవ్వింది. నిజం చెప్పాలంటే నేనూ నవ్వాను. ఆ టోపీ అంత ముద్దుగా ఉంది.

బిడ్డ నెలలు నిండకుండానే పుట్టాడు. ఊపిరి అందలేదు. దవాఖానావాళ్ళు చెయ్యాల్సిందంతా చేశారు, నేను అక్కడే ఉన్నాను కాబట్టి నాకు తెలుసు. తెల్లారేసరికి పోయాడు.

ఆ పిల్లను మా ఇంటికి తీసుకొచ్చిన రోజు వాకిలి నిండా ఆడవాళ్ళు. అత్తమ్మ కూతుర్ని కావలించుకుని గుండెలు బాదుకుంటూ ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ అనేసింది: "వద్దంటే విన్నవా బిడ్డా? పుట్టకముందే బట్టలు కొంటివి. ఆ కొత్త బట్టలే మింగినయి కదనే పిలగాణ్ణి!" ఏడుపులో దొర్లిన మాట అది. తల్లి కడుపుకోత ఏం మాట్లాడిస్తుందో ఆమెకే తెలియదు. కానీ వాకిట్లో ఉన్నవాళ్ళందరూ విన్నారు. అందరికంటే బాగా ఆ పిల్ల విన్నది.

అంతే. ఆ తర్వాత అత్తమ్మ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరమూ లేదు, అప్పటికే ఊరంతా తిరుగుతోంది. పిల్ల మాత్రం నడిమింట్లో మంచం మీద గోడ వైపు తిరిగి పడుకునేది. పాలు ఇంకిపోవాలని రొమ్ముకు మల్లెపూలు కట్టేవాళ్ళం. ఆ తర్వాత నేను మల్లెపూలు తలలో పెట్టుకోవడమే మానేశాను. అల్లుడు పండ్ల సంచీ పట్టుకుని బస్సు దిగి వచ్చేవాడు. ఈమె మాట్లాడేది కాదు. ఒకరోజు మాత్రం ఇటు తిరిగి, "నాకు ఇంకో బిడ్డ వద్దు. నా చేతులతోనే చంపుకున్న. నువ్వు ఇంకో పెండ్లి చేస్కో" అన్నది. పాపం, ఆ మనిషి పండ్ల సంచీ మెట్ల మీద పెట్టాడు. మంచినీళ్ళు కూడా ముట్టకుండా సాయంత్రం బస్సుకు పోయాడు. ఈ పిల్ల ఇక మనిషి కాదేమో, కాపురం చెయ్యదేమో అని నాకు ఆ రోజే భయం పట్టుకుంది.

ఆ రోజుల్లోనే మా ఆడ కుందేలు ఈనడానికి వచ్చింది. నోట గడ్డి పరకలు కరుచుకుని పెట్టెలో అటూ ఇటూ తిరుగుతుంటే ఇక గడియ దగ్గర పడ్డట్టే. నేను వడ్రంగితో చిన్న చెక్క పెట్టె చేయించి ఉంచాను. అడవి అంచు నుంచి మెత్తటి గడ్డి కోసుకొచ్చి, ఎండబెట్టి, దులిపి పెట్టాను. మధ్యాహ్నం బట్టలు ఉతుక్కుని వచ్చి చూద్దును కదా, నా పెట్టె లేదు, గడ్డి లేదు. వాటి స్థానంలో అటక మీద పడుండే పాత గంప, అందులో మడత పెట్టిన గోనెసంచి. పక్కనే అత్తమ్మ నిలబడి ఉంది, కాపలా ఉన్నట్టు.

"నా పెట్టె ఏది అత్తమ్మా?"

"పెరట్ల పెట్టిన. ఈనినంక తెచ్చుకో."

"గోనె గరుకుగ ఉంటది. పిల్లలు తోలు మీద వెంట్రుక లేకుండ పుడతయి."

"వాగుల నేనే ఉతికిన. రెండెండలు ఎండింది. పాతదైతే చాలు. ఈ ఇంట్ల పుట్టకముందు కొత్తది ఇంకోపారి రానియ్య," అన్నది. గొంతు వణికింది.

నాకు కోపం నెత్తికెక్కింది. కుందేలుకు కూడానా ఈ పట్టింపులు అని నోటిదాకా వచ్చింది. కానీ ఆ వణుకు విన్నాక ఆ మాట మింగేశాను. తిరిగి చూస్తే నడిమింటి గడపలో ఆడబిడ్డ నిలబడి ఉంది. అంతా విన్నది. కుందేలు విషయంలోనే తల్లి ఇంత జాగ్రత్త పడుతుంటే, తాను చేసింది ఎంత ఘోరమో అనుకుంటోందని మొహం చూస్తేనే తెలుస్తోంది. నేను కుందేలుకు నీళ్ళు పెట్టాను.

తల్లి కుందేలు తన పొట్ట మీది బొచ్చే పీకి ఆ గోనె మీద పరుచుకుంది. తెల్లారి చూస్తే బొచ్చు కింద ఏదో మెదులుతోంది. నున్నగా, ఎర్రగా, కళ్ళు మూసుకుని ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి పిల్లలు. నేను పిలవకుండానే ఆడబిడ్డ వచ్చి గంప పక్కన కూర్చుంది. ఆ గడప దాటి ఆమె బయటికి రావడం అదే మొదలు.

ఆ తర్వాత రోజూ అక్కడే. కుందేలు పిల్లలకు పాలిచ్చేది రోజుకు ఒకటి రెండుసార్లే, అదీ ఇలా వచ్చి అలా పోతుంది. మిగతా వేళంతా పట్టించుకోదు. మా ఆడబిడ్డకు అది నచ్చలేదు. "గిదేం తల్లి వదినా, గట్ల ఇడిసిపెట్టి పోతది?" అని పోట్లాడేది. పోట్లాడుతోందంటే నాకు ఎంత సంతోషమో. చేతులు తల్లి బొచ్చుకు రుద్దుకుని పిల్లల్ని ముట్టుకోవాలని నేర్పాను, వేరే వాసన తగలకుండా. వెనకబడిన పిల్లను తీసి పాలకాడ పెట్టేది. అలా కూర్చునే అన్నం తినేది. తింటోంది కదా, అదే పదివేలు అనుకున్నాం. ఈ పిల్లల్ని పెద్దయ్యాక అమ్ముతామనీ, కొనేవాళ్ళు వండుకుంటారనీ ఆమె ముందు ఎవ్వరమూ నోరు జారలేదు.

పిల్లలకు బొచ్చు వచ్చింది. కళ్ళు తెరిచే రోజులు వచ్చాయి. ఒకటి రెండు తెరిచాయి కూడా, మినపగింజల్లా నల్లగా. మర్నాడు పొద్దున చూస్తే తెరిచిన కళ్ళు మళ్ళీ మూసుకుపోయి ఉన్నాయి. రెప్పల మీద పసుపుపచ్చ పుసి గట్టిగా ఎండి అంటుకుపోయింది. తెరవనివాటికి రెప్ప కింద ఉబ్బెత్తుగా చింతగింజంత వాపు. ముందు కాళ్ళతో మొహం రుద్దుకుంటున్నాయి. కొన్నింటికి ముక్కు చుట్టూ కూడా ఎర్రగా కమిలింది.

ఆడబిడ్డ ఒళ్ళో ఉన్న పిల్లను నెమ్మదిగా గంపలో పెట్టేసింది. రెండు చేతులూ కొంగులో దాచుకుంది.

"నేను ముట్టుకున్నందుకే వదినా."

"నోరు ముయ్యి పిల్లా. పుసి కట్టిన కళ్ళు మనుషులకు రావా? గాలికి, దుమ్ముకు వస్తయి," అన్నాను.

ఆమె వినలేదు. లోపలికి పోయి మళ్ళీ గోడ వైపు తిరిగి పడుకుంది. కుందేళ్ళ మీద కాదు, ఆ గోడ మీద నాకు అసహ్యం వేసింది.

పక్కింటి పెద్దమ్మ వచ్చి చూసింది. మంచిదే, పెద్ద మనసున్న మనిషే, కానీ నోటికి గొళ్ళెం లేదు. "గింతదానికే? ఒక్క చుక్క చనుబాలు పిండితే ఇట్టే విచ్చుకుంటయి," అన్నది. అన్న తర్వాత ఎవరింట్లో అన్నదో తట్టి నాలుక కరుచుకుంది. మా ఊళ్ళో పసిపిల్లలకు కళ్ళకలక వస్తే అందరూ చేసే పనే అది. కాసేపటికి లోపలి నుంచి ఆడబిడ్డ లేచి వచ్చింది. "నాకింకా వస్తున్నయి," అన్నది మెల్లగా. "పనికొస్తదంటే ఇస్త. కానీ నావి పోస్తే చస్తయేమో."

ఆ మాటకు నాకు దుఃఖం ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకున్నాను. అత్తమ్మ కూతురు వైపు చూడలేక చూరు చూస్తోంది. "నీ పాలూ వద్దు, ఎవరి పాలూ వద్దు. దవాఖానాకు పోదాం పా," అన్నాను. అత్తమ్మ తన కంటి ఆపరేషన్ తర్వాత మిగిలిన చుక్కల మందు ఉన్నది కదా, అది వేస్తే సరిపోదా అన్నది. దాన్ని కూడా సంచిలో వేసుకున్నాను, డాక్టరును అడుగుదామని. గంపను అలాగే, గోనెతోనే ఎత్తుకుని మేం ముగ్గురం ఆటో ఎక్కాం. గంప నా ఒళ్ళో. ఆడబిడ్డ దాని వైపు చూడకుండా కూర్చుంది. మిరపకాయలు ఏరడానికి పోయే ఆడవాళ్ళు సర్దుకుని మాకు చోటిచ్చారు.

పశువుల దవాఖానాలో కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఉంది. చిన్న వయసు, కృష్ణా వైపు పిల్ల. "కుందేళ్ళు నా దగ్గరికి రావడం తక్కువండీ. ఆవులూ మేకలే ఎక్కువ. అయినా కన్ను కన్నే కదా, చూద్దాం," అంటూ గంపలో చెయ్యి పెట్టింది. బొచ్చు తప్పించి, గోనె మడత పక్కకు లాగి, ఒక పిల్లను తీసింది. తియ్యగానే ఒక తుమ్ము తుమ్మింది. ఇంకోటి. మరోటి. ముక్కు తుడుచుకుంటూ అదే చేత్తో కంటి కొస రుద్దుకుంది.

"అమ్మో! అమ్మమ్మమ్మ!" అంటూ పిల్లను నా చేతిలో పెట్టి పంపు దగ్గరికి పరుగెత్తింది. మొహం మీద నీళ్ళు కొట్టుకుంటోంది, కొట్టుకుంటోంది, ఆగదు. తిరిగొచ్చేసరికి ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయి, ఎర్రటి చెంప మీద ధారగా నీళ్ళు కారుతున్నాయి.

"ఆ సంచిలో ఏం పోశారండీ?"

"ఏం పొయ్యలేదు తల్లీ. ఉతికిన సంచే," అన్నది అత్తమ్మ కంగారుగా.

"ఏ సంచి?"

"మిరపకాయలది. కిందటేడుది. పాతదే."

డాక్టరమ్మ ఒంటి కన్నుతో మా ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. "మీకు ఘాటు తెలియడం లేదా?"

తెలియదు. ఎట్లా తెలుస్తుంది? ఆ కాలమంతా మా ఊరి చుట్టూ కల్లాల నిండా మిరపకాయలే ఎండుతుంటాయి. ఏరేదీ మేమే, తొక్కి సంచులకు ఎత్తేదీ మేమే. కొత్త చుట్టాలు బస్సు దిగుతూనే తుమ్ముతారు, మేం నవ్వుకుంటాం. వాగులో ఉతికితే ఎరుపు పోయింది కానీ, జనుము పోగుల్లో ఇంకిన కారం పోలేదు. ఇంట్లో ముగ్గురం రోజూ ఆ గంప మీద వంగి చూశాం. ఒక్కరి ముక్కూ చెప్పలేదు. ఆ పసిగుడ్లు మాత్రం పుట్టిన దగ్గర్నుంచీ అందులోనే పొర్లుతున్నాయి.

డాక్టరమ్మ కన్ను తుడుచుకుంటూనే విడమరిచి చెప్పింది. రెప్ప విచ్చే సమయానికి ఆ కారం లోపలికి పోయి మంట పెట్టింది. మంటకు రుద్దుకున్నాయి. రుద్దుకున్న చోట చీము పట్టింది. రెప్ప అంటుకుపోతే చీము బయటికి పోదు, లోపలే ఉండి కనుగుడ్డును పాడు చేస్తుంది. కాబట్టి మందు కంటే ముందు ఆ రెప్ప విచ్చాలి. ఎలా విప్పాలో తనే చేసి చూపించింది. కాచి చల్లార్చిన నీళ్ళు, గోరువెచ్చగా, చిటికెడు ఉప్పు వేసి. దూది తడిపి, పిండి, కంటి మీద పెట్టి ఊరికే పట్టుకోవాలి. ఎండిన పుసి నానాలి. నానకుండా గోటితో గీకినా, రెప్పలు పట్టి లాగినా కన్ను పోయినట్టే. నానాక ముక్కు వైపు నుంచి చెవి వైపుకు మెల్లగా తుడవాలి. ఒక కంటికి పెట్టిన దూది ఇంకో కంటికి పెట్టకూడదు. ఆమె వేళ్ళ మధ్య ఒక పిల్ల రెప్ప సన్నగా విచ్చుకుని, చిక్కటి చీము బొట్టు బొట్టుగా వచ్చింది. ఆ వెనక నల్లటి కన్ను కనపడింది. "హమ్మయ్య, గుడ్డు బాగుంది," అన్నది డాక్టరమ్మ. ఆమె కంట్లో నుంచి ఇంకా నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

అత్తమ్మ చుక్కల మందు చూపిస్తే, "వద్దమ్మా, పెద్దవాళ్ళ ఆపరేషన్ మందు వీటికి వేస్తే ఉన్న కన్ను పోతుంది," అని పక్కన పెట్టేసింది. చనుబాల సంగతి నేను గొంతు తగ్గించి అడిగాను. ఆమె ఆడబిడ్డ వైపు చూసింది. ఎవరూ చెప్పకుండానే ఏం అర్థమైందో, మెత్తగా, "అవసరం లేదమ్మా. వీటికి ట్యూబు మందు చాలు," అన్నది. కింది రెప్ప లోపల సన్నటి గీతలా పెట్టే ట్యూబు ఇచ్చింది. గోనె, గంప, ఆ బొచ్చు అన్నీ అక్కడే పారేయించి, ఒక అట్టపెట్టెలో శుభ్రమైన గడ్డి పరిచి పిల్లల్ని అందులో పెట్టించింది.

బయట వరండాలో ఆటో కోసం నిలబడ్డాం. అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడని ఆడబిడ్డ తల్లి వైపు తిరిగింది.

"పాతదే కదమ్మా వేసినవ్."

అత్తమ్మ అట్టపెట్టె మూత సర్దింది.

"కొత్తది రానియ్యలే కదా. పాత గంప, పాత గోనె. అన్నీ పాతయే. మరి గిట్లెందుకైంది?"

అరవలేదు, ఏడవలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది. ఆటో వస్తుందేమోనని అత్తమ్మ రోడ్డు వైపు చూసింది. ఆటో వచ్చింది, ఎక్కాం.

ఇంటికి రాగానే అత్తమ్మ పెరట్లోకి పోయి నేను చేయించిన కొత్త పెట్టెను తెచ్చింది. సలసల కాగే నీళ్ళు పోసి కడిగింది, ఎండలో బోర్లించింది, నా గడ్డిని తనే పరిచింది. నాతో ఒక్క ముక్క అనలేదు. నేనూ అడగలేదు. ఆమె తప్పు ఒప్పుకుంటే సూర్యుడు పడమట పొడుస్తాడని నాకు తెలుసు, పెళ్ళయిన దగ్గర్నుంచీ చూస్తున్నాను.

కళ్ళు కడగడం ఒక్కరితో అయ్యే పని కాదు. ఒకరు పిల్లను బట్టలో చుట్టి తల కదలకుండా పట్టుకోవాలి, ఇంకొకరు తుడవాలి. అత్తమ్మకు చూపు ఆనదు. ఆడబిడ్డను బతిమాలాను, తిట్టాను, చివరికి పిల్లను తీసుకెళ్ళి ఆమె ఒళ్ళో పెట్టేశాను. పట్టుకోక ఏం చేస్తుంది? పట్టుకుంది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అదే పని. ఆమె చేతులు ఎంత నిలకడగా ఉండేవంటే, రెండు రోజులు గడిచాక నేను పట్టుకోవడానికి మారి, తుడిచే పని ఆమెకే ఇచ్చాను. నాకు తొందరెక్కువ, దూది కాసేపు పెట్టి ఉంచాలంటే ప్రాణం మీదికొస్తుంది. ఆమె అలాగే కూర్చునేది. పుసి నానేదాకా పిల్లతో ఏదో గొణిగేది. ఏమంటుందో నేను వినడానికి ప్రయత్నించలేదు.

ఒకటి దక్కలేదు. మొదటినుంచీ అన్నింటికంటే చిన్నది, పాలకు పోటీ పడలేకపోయింది. పెరట్లో గుంట తీసి పూడ్చాను. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు. మిగిలినవాటికి ఒక్కొక్కటిగా కళ్ళు తేటపడ్డాయి. ఒకదానికి మాత్రం ఎడమ కంట్లో తెల్లగా పువ్వు మిగిలింది, అది పోలేదు. అయినా గంతులకేం తక్కువ లేదు, గోడకు గుద్దుకుని మరీ గెంతేది. వాటిని చూసి నేను మురిసిపోతూ, "చూసినవా పిల్లా, నీ చెయ్యి ఎంత మంచిదో," అన్నాను.

"మందు మంచిది వదినా," అన్నది. "నా చెయ్యి సంగతి నాకు ఎర్క."

అప్పుడు నాకు అర్థమైంది. ఆ కళ్ళన్నీ తెరిపించినా ఈ పిల్ల లోపల ముడి వీడలేదు. అది నా వల్ల అయ్యేది కాదు, డాక్టరమ్మ వల్ల అయ్యేదీ కాదు. ఆ మాట అన్న నోరే విప్పాలి. ఆ నోరేమో వాకిట్లో చింతపండు గింజలు తీస్తూ బిగుసుకుని కూర్చుంది. కోపం రాదా మరి? ఎన్నోసార్లు వెళ్ళి అడిగేద్దామనుకున్నాను. కానీ నేను అడిగితే వచ్చే మాట నాకోసం వచ్చిందవుతుంది, దాని విలువ ఏముంది?

ఒక మధ్యాహ్నం నేనూ ఆడబిడ్డా నడిమింట్లో ఆ పువ్వు పడ్డ పిల్ల కన్ను తుడుస్తున్నాం. తలుపు తీసే ఉంది. వాకిట్లో అత్తమ్మ దగ్గరికి పక్కింటి పెద్దమ్మ వచ్చి కూర్చున్నట్టుంది. పిల్ల ఒకటి చచ్చిపోయిందంట కదా అని మొదలుపెట్టింది. కాసేపు చింతపండు గురించి మాట్లాడి, మళ్ళీ అక్కడికే వచ్చింది.

"నేను చెప్తున్ననని కాదు గానీ, నీ బిడ్డను వాటికాడికి పోనియ్యకు. పుట్టకముందే బట్టలు కొని పిలగాణ్ణి పోగొట్టుకునె. ఆ దోషం ఉన్న చెయ్యి..."

దూది పట్టుకున్న చెయ్యి ఆగింది. ఆడబిడ్డ తల ఎత్తలేదు. నేను లేవబోయాను, ఆ పెద్దమ్మను ఈ రోజు వదిలేది లేదనుకున్నాను. ఈలోపు వాకిట్లో పళ్ళెం నేల మీద కొట్టిన చప్పుడు.

"ఏం దోషం? ఎవలికే దోషం?" అత్తమ్మ గొంతు. "కుందేలుకు పాతదే పరిచిన గదా, నా చేతుల్తోని పరిచిన. వాటి కండ్లు పోయేదాక వచ్చె. మరి నా చేతికి దోషమంటవా?"

"అయ్యో, నేనెందుకంట వదినె..."

"బట్టలతోని పిల్లలు చావరు. నా బిడ్డ ఏ తప్పు చెయ్యలే. ఆశపడి కొనుక్కున్నది, గంతే. తల్లి కాబోయేది ఆశపడదా? ఆ పిలగాడు ఎందుకు పోయిండో నాకు తెల్వదు. తెల్వక, మనసు పట్టక, నా బిడ్డ మీద ఏసిన. నేనన్న మాటనే నువ్వు పట్టుకొచ్చి నాకు చెప్తున్నవ్. ఆ మాట తప్పు. నేనన్నది తప్పు. ఇగ ఎవలన్న మళ్ళ అంటే ఊకోను."

పెద్దమ్మ ఏదో సర్దిచెప్పుకుంటూ లేచి వెళ్ళిపోయింది. ఆడబిడ్డ చేతిలో దూది పక్కన పెట్టి, పిల్లను నాకు ఇచ్చి, లేచి వాకిట్లోకి పోయింది. నేనూ గడప దాకా వెళ్ళాను.

అత్తమ్మ చెదిరిపోయిన చింతగింజలు ఏరుకుంటోంది. కూతుర్ని చూసి చెయ్యి ఆపింది. విన్నదని తెలిసింది. ఆ పిల్ల తల్లి ముందు నేల మీద కూర్చుంది.

"ఇంకోపారి చెప్పమ్మా."

"ఏంది?"

"ఇప్పుడన్నది."

అత్తమ్మ మొహం ముడుచుకుంది. కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నువ్వు ఏ తప్పు చెయ్యలే బిడ్డా," అన్నది.

"ఇంకోపారి."

"నువ్వు ఏ తప్పు చెయ్యలే. నేనే నోరు జారిన."

"ఇంకోపారి చెప్పు."

"ఎన్నిసార్లే! చెప్పిన గదనే!" అత్తమ్మ ఎప్పటి గొంతుతోనే విసుక్కుంది, కానీ విసుగు సగంలోనే ఏడుపైంది.

ఆడబిడ్డ కూడా ఏడుస్తోంది. బిడ్డ పోయాక నేను చూసిన మొదటి ఏడుపు అది. ఏడుస్తూనే తల్లి రెండు చేతులూ పట్టుకుంది.

"పిలగాడు పోయిన కాడికెల్లి ఆ మాట నాకు రోజూ ఇనపడ్డదమ్మా. అన్నం తింటుంటే ఇనపడ్డది, పండుకుంటే ఇనపడ్డది. ఇది గూడ గన్నిసార్లు ఇనాలె."

అత్తమ్మ కూతుర్ని దగ్గరికి లాక్కుంది. మళ్ళీ చెప్పడం మొదలుపెట్టింది.